సిగ్నల్ లేని 12 నిమిషాలు: ఒక ఆన్‌లైన్ థెరపీ కేసు

ఈ కేసు గురించి రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. రాసింది చదివి రెండు చోట్ల మార్పులు కూడా చెప్పారు. పేరు, వయసు, పని, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. ఇక్కడ ఆమెను సుధ అంటాను. నేను క్లినికల్ సైకాలజిస్టుని. 2020కి ముందు అందరినీ ఎదురుగా కూర్చోబెట్టుకునే చూసేదాన్ని. ఇప్పుడు దాదాపు సగం మంది ఫోన్‌లోనో వీడియోలోనో మాట్లాడతారు. ఈ కేసులో నేను రెండు తప్పులు చేశాను. ఎక్కువగా రాయబోయేది వాటి గురించే.

నేపథ్యం

సుధకి 30 దాటాయి. పల్లెలో ఉంటారు, ఇంట్లోనే బట్టలు కుడతారు. గుడ్డ, దారాలు, గుండీల కోసం 15 రోజులకోసారి పట్నం వెళ్లాలి. బస్సులో రెండున్నర గంటలు. నాతో మాట్లాడటానికి 14 నెలల ముందు ఆ బస్సులోనే మొదటిసారి వచ్చింది: గుండె దడ, చేతుల్లో తిమ్మిరి, ఊపిరి అందకపోవడం, ఇక ప్రాణం పోతుందన్న భయం. దారిలోనే దిగిపోయి ఆసుపత్రికి వెళ్లారు. ఈసీజీ బాగానే ఉంది. తర్వాతి రెండు నెలల్లో ఇంకో రెండుసార్లు ఇలాగే పరుగెత్తారు. థైరాయిడ్ నార్మల్. రక్తం కాస్త తక్కువుంటే మందులు వాడి సరిచేసుకున్నారు. మూడోసారి డాక్టరు "ఏమీ లేదమ్మా, టెన్షన్" అని, భయం వేసినప్పుడు వేసుకోమని ఒక చిన్న మాత్ర రాసిచ్చారు.

ఆ "ఏమీ లేదు" అన్న మాట సుధకి ధైర్యం ఇవ్వలేదు. ఏమీ లేకపోతే ఇలా ఎందుకవుతోంది, వీళ్లకు దొరకని జబ్బేదో ఉందన్నమాట అనుకున్నారు.

మొదట బస్సు మానేశారు. తర్వాత ఆటో మానేశారు. ఆ తర్వాత రోడ్డు దాకా ఒంటరిగా నడవడం కూడా. భర్త బండి వెనక కూర్చుంటేనే ఇల్లు కదిలేవారు. సామాను ఆయనే తెచ్చేవారు. ఆయన తెచ్చిన దారం ఎప్పుడూ ఒక ఛాయ తేడాగా ఉండేది, దానిమీద ఇంట్లో గొడవ. జబ్బు ఎంత ముదిరిందో నాకు స్కోర్ల కంటే ఈ దారం గొడవతోనే బాగా అర్థమైంది.

నా దగ్గరికి రాకముందు ఏం ప్రయత్నించారు

ఎవరైనా సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాలంటే అదే బస్సెక్కాలి. అందుకే ఆన్‌లైన్‌లో వెతికారు. మొదట దొరికింది చాట్ యాప్. రాత్రి 11 గంటలకు కూడా ఎవరో ఒకరు ఓపిగ్గా జవాబిచ్చేవారు, వారం మారితే మనిషి మారేవారు. సుధ ప్రతిసారీ ఒకటే అడిగేవారు: "ఇది గుండెపోటు కాదు కదా?" ప్రతిసారీ "కాదు" అని జవాబు. ఆ రాత్రికి నిద్ర పట్టేది. రెండు రోజులకి మళ్లీ అదే ప్రశ్న. పానిక్‌లో, అంటే ఒక్కసారిగా ముంచుకొచ్చే ఇలాంటి భయంలో, ఈ భరోసా మంట మీద నెయ్యి పోయడమే. భయాన్ని కాసేపు అణచి, "ఎవరో ఒకరు చెబితేనే నేను క్షేమం" అన్న నమ్మకాన్ని పెంచుతుంది.

రెండోది ఒక వీడియో కౌన్సెలర్. ప్రకటన చూసి చేరారు. ఏం చదువుకున్నారో సుధ అడగలేదు, అడగొచ్చని ఆమెకి తెలియదు. కొన్ని వారాల కోర్సు చేసినవాళ్లని తర్వాత తెలిసింది. నాలుగో సెషన్‌లో మాట్లాడుతుండగానే అటాక్ మొదలైంది, అంతలో నెట్ పోయింది. ఆ కౌన్సెలర్ దగ్గర సుధ ఇంకో నంబరు లేదు, ఊరి పేరు లేదు, ఇంట్లో వాళ్ల ఫోను లేదు. 20 నిమిషాలు సుధ నేల మీదే కూర్చుండిపోయారు. మర్నాడు "నెట్‌వర్క్ ఇష్యూ, సారీ" అని మెసేజ్ వచ్చింది.

అందుకే నాకు ఫోన్ చేసినప్పుడు ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మేడమ్, మధ్యలో లైన్ కట్టయితే మీరేం చేస్తారు?"

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. ఇప్పుడు ఎవరైనా ఆన్‌లైన్ థెరపిస్టుని ఎలా ఎంచుకోవాలని అడిగితే దీన్నే ముందు అడగమంటాను. చదువు, లైసెన్సు, ఏ పద్ధతిలో పని చేస్తారన్నవి ఎలాగూ కనుక్కోవాలి. మీ దేశంలో ఈ వృత్తిని రిజిస్టర్ చేసే సంస్థ ఉంటే అందులో పేరుందో లేదో మీరే చూసుకోవాలి, వెబ్‌సైట్‌లో పెట్టుకున్న ఫొటో, సర్టిఫికెట్ చాలవు. కానీ లైన్ తెగితే ఏం చేస్తారన్న ప్రశ్నకి వచ్చే జవాబులో ఆ మనిషి ఎంత ఆలోచించి పని చేస్తారో తెలిసిపోతుంది.

నేను ఒప్పుకోవాలా, వద్దా

సుధకి పానిక్ డిజార్డర్ (ఆ అటాక్‌లు మళ్లీమళ్లీ రావడం, మళ్లీ వస్తాయేమోనన్న భయం), అగోరాఫోబియా (తప్పించుకోలేని, సాయం అందని చోట్లంటే భయం) రెండూ ఉన్నాయి. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక జబ్బుల్ని వర్గీకరించే అమెరికా పుస్తకం) ఈ రెంటినీ విడివిడి జబ్బులుగా లెక్కిస్తుంది. పానిక్ తీవ్రతని కొలిచే పీడీఎస్ఎస్‌లో 28కి 17 వచ్చింది. డిప్రెషన్ కోసం అడిగే పీహెచ్‌క్యూ-9లో 11. అందులో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి సున్నా పెట్టారు. కాగితం మీద సున్నాతో ఊరుకోకుండా మాటల్లో కూడా అడిగాను. లేవన్నారు.

ఆన్‌లైన్ థెరపీ పనిచేస్తుందా అన్నది నా సందేహం కాదు. 2018లో కార్ల్‌బ్రింగ్ బృందం 20 అధ్యయనాలను కలిపి చూస్తే, ఇంటర్నెట్‌లో నడిపిన సీబీటీకీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే థెరపీ) ఎదురుగా కూర్చుని చేసినదానికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అవి ఎక్కువగా థెరపిస్టు రాతలో తోడుండే ప్రోగ్రాములు, మనం చేసే వీడియో సెషన్ల లాంటివి కావు. ఆ తేడాని గుర్తుపెట్టుకునే ఈ మాట చెప్పాలి. సుధ భర్తకి మాత్రం వేరే అనుమానం: "టీవీలో చూసినట్టు చూసి వైద్యం చేస్తారా?" అందులో కొత్తేం లేదని చెప్పాను. 1959లోనే అమెరికాలో నెబ్రాస్కా సైకియాట్రిక్ ఇన్‌స్టిట్యూట్‌లో సెసిల్ విట్సన్ అనే సైకియాట్రిస్టు రెండువైపులా కనబడే టీవీతో గ్రూప్ థెరపీ నడిపించారు, కొన్నేళ్లకి 112 మైళ్ల దూరంలోని ఇంకో ఆసుపత్రికి ఆ లైను కలిపారు. సుధ భర్త "అప్పట్లోనే సిగ్నల్ ఉండేదా?" అన్నారు. ఆ ప్రశ్న ఎంత అవసరమైనదో నాకు తర్వాత గానీ తెలియలేదు.

నన్ను ఆపింది వేరే విషయం. సుధ ఆన్‌లైన్‌ని ఎందుకు ఎంచుకున్నారు? బస్సెక్కనక్కర్లేదు కాబట్టి. అంటే ఏ భయానికి మందు కావాలో, ఆ భయం చెప్పినట్టే వైద్యాన్ని ఎంచుకున్నారు. నేను సరేనంటే ఇంట్లోంచి కదలకుండా ఉండటానికి నేనే ఒక సర్టిఫికెట్ ఇచ్చినట్టు అవుతుందేమో. కాదంటే ఆమెకి ఇంకో దారి లేదు. రెండు వారాలు ఆలోచించాను. మా సూపర్‌వైజర్‌ని అడిగితే ఆవిడ తేల్చేశారు: "గమ్యం ముందే రాసుకో. ఆమె బస్సెక్కి నీ దగ్గరికి వచ్చిన రోజు ఆన్‌లైన్ అయిపోయినట్టు."

అదే షరతుగా పెట్టాను. ఇంకో మూడు కూడా: గుండె, ఊపిరితిత్తుల విషయంలో ఊరి దగ్గరి డాక్టరు నుంచి "వ్యాయామం చేయొచ్చు" అన్న రాత, భర్త నంబరు, ఇంటి చిరునామా, దగ్గరి ఆసుపత్రి నంబరు నా దగ్గర ఉండటం, లైన్ తెగితే రెండు నిమిషాల్లో నేను మామూలు కాల్ చేస్తాను, ఎత్తకపోతే భర్తకి చేస్తాను అన్న ఒప్పందం. సుధ ఈ చివరిదాన్ని కాగితం మీద రాసుకుని కుట్టు మిషన్‌కి అంటించుకున్నారు.

ఒకవేళ తొమ్మిదో ప్రశ్నకి వేరే జవాబు వచ్చినా, ఇంట్లో కొట్టేవాళ్లున్నా, ఆమె మనసు వాస్తవానికి దూరంగా వెళ్తున్న జాడ కనబడినా, దగ్గర్లో మనిషి లేకుండా స్క్రీన్ మీద మొదలుపెట్టేదాన్ని కాదు.

మొదటి తప్పు

మూడు సెషన్లు వీడియోలో జరిగాయి, మూడూ చప్పగా సాగాయి. నేనేం అడిగినా "ఊఁ", "అదే మేడమ్", "అవును". బొమ్మ మధ్యమధ్య బిగుసుకుపోయేది. ఒకసారి ఆమె మొహం కళ్లు పెద్దవి చేసి ఆగిపోతే భయపడ్డారనుకుని, పాపం, ఐదు నిమిషాలు ఓదార్చాను. తీరా చూస్తే తుమ్మబోతూ ఆగిన బొమ్మ. నా నోట్సులో "ప్రతిఘటన?" అని రాసుకున్నాను. మనకి అర్థం కానిదాన్ని క్లయింటు ఖాతాలో వేసే మాట అది.

నాలుగో సెషన్‌లో మాట్లాడుతూనే చాట్‌లో టైప్ చేశారు: "అత్తయ్య తలుపు దగ్గరే ఉన్నారు."

మొదటి రోజే అడిగాను, "మీకు ప్రైవసీ ఉందా?" అని. ఉందన్నారు. తలుపు మూసే వీలుంది కాబట్టి నిజమే చెప్పారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోమన్నాను. ఇయర్‌ఫోన్లు నా గొంతుని దాస్తాయి, ఆమె గొంతుని కాదు. ఇంట్లో వాళ్లకి వినబడేది ఆమె మాటలే. నేను అడగాల్సిన ప్రశ్న వేరే: "మీరు గట్టిగా ఏడిస్తే ఎవరెవరికి వినబడుతుంది?" ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొత్తవాళ్లెవరు వచ్చినా ఇదే అడుగుతున్నాను. చాలామంది ఒక క్షణం ఆగి, లేచి, వేరే చోటు వెతుక్కుంటారు.

సుధకి దొరికిన చోటు పొలంలో మోటారు షెడ్డు. మోటారు తిరుగుతుంటే బయట ఎవరికీ ఏమీ వినబడదు. అయితే అక్కడ వీడియో రాదు, మామూలు ఫోన్ కాల్ మాత్రమే నిలబడుతుంది. మొహం కనబడకుండా పానిక్‌కి పని చేయాలా అని నాకు ఇబ్బందిగానే ఉంది. చేతులు, భుజాలు, రంగు మారడం, ఇవన్నీ పోతాయి. కానీ ఐదో సెషన్‌లో సుధ 40 నిమిషాలు ఆపకుండా మాట్లాడారు. స్పష్టమైన బొమ్మ కంటే నోరు విప్పగలిగిన మనిషి ముఖ్యం అనుకున్నాను. పైగా ఫోన్ చెవికి ఆనించుకుంటే ఊపిరి తేడా వీడియోలో కంటే బాగా తెలిసింది.

పని

1986లో డేవిడ్ క్లార్క్ చెప్పిన నమూనా సులువైనది. ఒంట్లో మామూలు మార్పు ఒకటి వస్తుంది, దాన్ని ప్రమాదంగా అర్థం చేసుకుంటాం, భయంతో ఆ మార్పు పెరుగుతుంది, పెరిగింది కాబట్టి ప్రమాదం నిజమే అనిపిస్తుంది. సుధ దీన్ని తన భాషలోకి మార్చుకున్నారు: "దారం చిక్కుపడితే లాగినకొద్దీ బిగుస్తుంది కదా మేడమ్, అలాగ." నేను ఇన్నేళ్లుగా బొమ్మలు గీసి చెబుతున్నదానికన్నా ఇది బాగుంది.

పాత కౌన్సెలర్ నేర్పిన నెమ్మది ఊపిరిని ఆపించాను. దానికి ఆమె ఒప్పుకోలేదు, అదే తనని బతికించిందన్నారు. సరిగ్గా అందుకే ఆపాలి. ఊపిరి కసరత్తు చెడ్డదని కాదు. "ఇది చేయబట్టి చావలేదు" అనుకున్నంత కాలం, చేయకపోయినా చావనని తెలిసే అవకాశం రాదు. బదులుగా ఆ లక్షణాల్నే కావాలని తెచ్చుకున్నాం. షెడ్డులో ఒక నిమిషం ఉన్నచోటే పరుగు. సన్నటి స్ట్రాతో ఊపిరి. కళ్లు మూసుకుని గుండ్రంగా తిరగడం. ప్రతిదానికి ముందు ఏమవుతుందనుకుంటున్నారో చెప్పించి, తర్వాత ఏమైందో చెప్పించాను. గుండ్రంగా తిరిగాక "పడిపోయి గుండె ఆగుతుంది" అన్న మనిషి, రెండు వారాలకి "పేడ మీద పడతానేమో" అన్నారు. అది నిజమైన ప్రమాదమే, చోటు మార్చాం.

మాత్ర విషయంలో నేను జోక్యం చేసుకోలేదు, రాసిచ్చిన డాక్టరుతోనే మాట్లాడించాను. ఆమె అప్పుడప్పుడే వేసుకునేవారు కాబట్టి పని తేలికైంది. అలాంటి మాత్రలు రోజూ వాడేవాళ్లు సొంతంగా ఒక్కసారి ఆపడం ప్రమాదం. డాక్టరు సరేనన్నాక మాత్ర చేతి పర్సులోంచి సంచిలోకి, సంచిలోంచి ఇంట్లో డబ్బాలోకి నెమ్మదిగా జరిగింది.

రెండో తప్పు

తొమ్మిదో సెషన్ బస్సులో. ఇక్కడే ఆన్‌లైన్ నిజంగా బాగుందనిపించింది. క్లినిక్‌లో కూర్చున్న థెరపిస్టు క్లయింటుతో పల్లె బస్సెక్కడం ఎంత అరుదు! ఇప్పుడు నేను ఆమె చెవిలో ఉన్నాను. "భయం పదికి ఇప్పుడెంత?" అంటే "ఆరు" అన్నారు. "ఇప్పుడు?" "ఏడు. కిటికీ తీశాను." "మూసేయండి." మూశారు. నా మీద నాకే మెచ్చుకోలుగా ఉంది.

అరగంటకి లైన్ తెగింది.

ఒప్పందం ప్రకారం రెండు నిమిషాల్లో కాల్ చేశాను. అందుబాటులో లేరు. భర్తకి చేస్తే ఆయన కంగారు లేకుండా అన్నారు: "గుట్ట వచ్చి ఉంటుందండీ. అది దాటేదాకా ఎవరి ఫోనూ పలకదు. ఒక 12 నిమిషాలు."

అంతలో సుధ గుట్ట మొదట్లో ఉన్న స్టాపులోనే దిగిపోయారు. మా ఇద్దరికీ ఆ వారం చాలా బరువుగా గడిచింది. ఆమె "ఇక నా వల్ల కాదు" అన్నారు. నేను నోట్సు మళ్లీ చదివాను. పర్సులో మాత్రని డబ్బాలోకి పంపించి, ఆ జాగాలో నన్ను పెట్టాను. "మేడమ్ ఫోన్‌లో ఉన్నారు కాబట్టి ఏమీ కాలేదు" అన్నదే ఆ అరగంటలో ఆమె నేర్చుకున్నది. ఫోన్ పోగానే అదీ పోయింది. దారిలో సిగ్నల్ ఎక్కడెక్కడ ఉంటుందని ఒక్క మాట ముందే అడిగి ఉంటే సరిపోయేది. ఆమె భర్త మొదట్లోనే సిగ్నల్ గురించి అడిగారు కూడా, నవ్వేసి ఊరుకున్నాను.

సెషన్లు పట్నానికి దగ్గర్లో, నెట్ బాగున్న బంధువులింటికి మార్చుకుందామన్న ఆలోచన వచ్చింది. భర్త బండి మీద దింపుతానన్నారు. వద్దన్నాను. భయాన్ని ఎదుర్కోవడంలో తర్వాతి మెట్టు ఏదా అని మేము వెతుకుతుంటే, ఆ గుట్ట సరిగ్గా కొలిచి పెట్టినట్టు 12 నిమిషాల మెట్టు ఒకటి ఇస్తోంది. అక్కడ నేనూ లేను, చాట్ లేదు, "గుండెపోటు కాదు కదా" అని అడగడానికి ఎవరూ లేరు.

అప్పటినుంచి నా కాల్ ప్రతి ప్రయాణంలో కొంచెం ముందే ఆగేది. మొదట గుట్టకి ఒక స్టాపు ముందు వరకు మాట్లాడి, దిగి, వెనక్కి రావడం. తర్వాత ఊరు దాటగానే ఫోన్ పెట్టేసి అదే స్టాపు దాకా ఒంటరిగా. మూడోసారి గుట్ట దాటాలి. ఎక్కేముందు ఆమె రాసిన అంచనా: "ఐదో నిమిషంలో అరుస్తాను, బస్సు ఆపిస్తారు, అందరూ చూస్తారు."

నేను గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. 12 నిమిషాలు అయ్యాయి. 15. 20. భర్తకి చేయనా వద్దా అని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, మళ్లీ పెట్టాను. నా గుండె దడ స్పష్టంగా తెలుస్తోంది. అంచనా రాసుకోవాల్సింది నేను. 26వ నిమిషంలో మెసేజ్‌లు నాలుగూ ఒకేసారి వచ్చిపడ్డాయి.

"9. చెమటలు."

"గేటు పడింది మేడమ్. బస్సు ఆగిపోయింది."

"గూడ్సు బండి. ఇంకా పోతూనే ఉంది. 7."

"పక్కావిడ జాకెట్‌కి చేతులు తప్పుగా అతికారు. అదే చూస్తున్నా. 4."

తర్వాత

మొత్తం 15 సెషన్లు. చివరికి పీడీఎస్ఎస్‌లో 6, పీహెచ్‌క్యూ-9లో 4. మూడు నెలల తర్వాత అడిగితే పీడీఎస్ఎస్ 5. ఇప్పటికీ బస్సులో తలుపు దగ్గరి సీటే చూసుకుంటారు. అది జాగ్రత్త కోసం కాదు గాలి కోసమేనంటారు, నేను సగమే నమ్మాను. జాతర లాంటి రద్దీలోకి ఇంకా వెళ్లలేదు. అత్తగారికి విషయం తానే చెప్పారు. ఆవిడ ఇన్నాళ్లూ తలుపు దగ్గర నిలబడింది, కోడలు ఎవరితోనో గుసగుసలాడుతోందన్న అనుమానంతో కాదు, మళ్లీ పడిపోతుందేమోనన్న భయంతో.

మొదటి చాట్ యాప్‌లో రాసిన రాత్రుల సంగతి సుధని ఇంకా వేధించేది. అవన్నీ ఎక్కడున్నాయి, ఎవరు చదువుతారు? ఆ అనుమానాన్ని పానిక్ ఖాతాలో వేయలేదు. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఇలాంటి ఒక పెద్ద కంపెనీ వాడకందార్ల వివరాల్ని ప్రకటనల కోసం పంచుకుందని ఆరోపించి, 78 లక్షల డాలర్లు వాళ్లకి తిరిగి ఇప్పించేలా ఆదేశించింది. ఖాతా తీసేయమని, డేటా చెరిపేయమని యాప్ వాళ్లకి రాయడానికి సాయం చేశాను. నా సెషన్లు రికార్డు చేయనని, నోట్సు ఎక్కడ ఉంచుతానో మొదటి రోజే చెప్పాల్సింది, ఆమె అడిగాక చెప్పాను.

చివరి సెషన్‌కి ఒంటరిగా, బస్సులో మా క్లినిక్‌కి వచ్చారు. ఇద్దరం ఒకరినొకరు పూర్తిగా చూడటం అదే మొదటిసారి. మీరు ఫోన్‌లో ఇంకా పెద్దావిడలా ఉంటారు మేడమ్ అన్నారు. సంచిలో దారం రీళ్లు, తానే ఎంచుకున్న రంగులు. ఇంకా పది నిమిషాలు ఉండగానే లేచారు, 5:40 బస్సు తప్పితే మళ్లీ గంటన్నర ఆగాలట.